మోహిని మాట ఎవరు వింటారు?

(సినిమా తీయాలని తిరుగుతున్న యువతీయువకుల కోసం నల్లగొండలో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే.

తక్కువ ఖర్చుతో తీసే దయ్యం సినిమాలు, అందులోనూ శృంగారం కలిపి తీసినవి, వీటి మీద మాట్లాడతానంటే నిర్వాహకులు మొదట వెనకాముందాడారు. తర్వాత ఒప్పుకున్నారు, వాళ్ళకు కృతజ్ఞతలు. నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. ఈ హాల్లో కూర్చున్న తమ్ముళ్ళు నాకు చదవమని ఇచ్చిన స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం దయ్యం కథలే. దాదాపు అన్నిట్లో దయ్యం ఆడదే. తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, వాన. పాడుబడ్డ బంగళా, అందులోకి పోయే నలుగురు స్నేహితులు, వాళ్ళలో ఒక జంట. ఆ జంట దగ్గరయ్యే సమయానికి తలుపు కిర్రుమంటుంది. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది, జనం ఎందుకు చూస్తారు, ఎక్కడ చెడిపోతుంది అన్నది తెలుసుకుని తీస్తే మీకే మంచిది. బూతు సినిమాలని పక్కన పడేస్తే వాటిలో ఉన్న బలమూ మీకు అందదు, వాటి తప్పులూ మీకు తెలియవు.

ముందు పైసల సంగతి. దయ్యం సినిమాకు స్టార్ అక్కర్లేదు, దయ్యమే స్టార్. ఒక ఇల్లు, నాలుగు రాత్రులు, ఐదారుగురు నటులు ఉంటే పని నడుస్తుంది. కానీ పెద్ద హీరో లేని బొమ్మకు మొదటి ఆటకు జనం రావాలంటే వాల్‌పోస్టర్ మీద ఏదో ఒకటి కనబడాలి. భయమైనా కనబడాలి, ఒళ్ళైనా కనబడాలి. రెండూ చౌకగా దొరుకుతాయి కాబట్టి నిర్మాత రెండూ కలిపేస్తాడు. హాలీవుడ్ చిన్న స్టూడియోల నుంచి బొంబాయి దాకా, మద్రాసు నుంచి కేరళ దాకా ఈ లెక్క ఒకటే.

అయితే ఉత్త లెక్కే అయితే ఈ సినిమాలు ఇన్నేళ్ళు నిలబడేవి కావు. చూసేవాడిలో ఏదో ఉంది. భయపడ్డప్పుడు గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, ఊపిరి కుదరదు. కోరిక పుట్టినప్పుడూ అంతే. శరీరానికి ఈ రెంటికీ తేడా అంత తొందరగా తెలియదు. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలోని కాపిలానో నది మీద ఒక ప్రయోగం చేశారు. లోతైన లోయ మీద ఊగే వేలాడే వంతెన దాటి వచ్చిన మగవాళ్ళతో ఒక యువతి మాట్లాడి ఫోన్ నంబరు ఇచ్చింది. గట్టి వంతెన దాటి వచ్చినవాళ్ళకూ అలాగే ఇచ్చింది. ఊగే వంతెన దాటినవాళ్ళలోనే ఎక్కువమంది తర్వాత ఫోన్ చేశారు. ఒక్క ప్రయోగంతో మనిషి మనసంతా తేలిపోదు. కానీ దయ్యం సినిమా తీసేవాళ్ళకు ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పకముందే తెలుసు.

ఇంకో కారణం మన ప్రాంతానికి బాగా తెలిసింది. పాలమూరు నుంచి మట్టి పనికి బొంబాయి, పుణె పోయినవాళ్ళు, మన జిల్లా నుంచి భీవండి మగ్గాల మీదికి పోయినవాళ్ళు ఏళ్ళకేళ్ళు పెళ్ళాం బిడ్డలకు దూరంగా బతికారు. ఒక్కో రూములో పదిమంది. ఆదివారం వస్తే మూడు గంటలు చీకట్లో కూర్చునే చోటు సినిమా హాలే. వాళ్ళు అక్కడ చూసినవాటిలో రామ్సే సోదరుల హిందీ దయ్యం సినిమాలు కూడా ఉన్నాయి. ఊరికొచ్చాక ఆ కథలు చెప్పుకునేవాళ్ళు. దయ్యం గురించి గట్టిగా చెప్పేవాళ్ళు, మిగతాది చెవిలో చెప్పేవాళ్ళు. కోరిక గురించి ఇంట్లో, బడిలో, గుడిలో ఎక్కడా మాట్లాడనివ్వని సమాజంలో దయ్యం పేరు చెప్పి దాని దగ్గరికి పోవచ్చు. "దయ్యం సినిమాకు పోయిన" అంటే ఎవరూ ఏమీ అనరు. దయ్యం ఒక ముసుగు. ఆ ముసుగు అవసరమైన మనుషులను నేను చిన్నచూపు చూడను. వాళ్ళ ఒంటరితనం నిజం.

ఈ కలయిక సినిమా కనిపెట్టింది కూడా కాదు. మన ఊళ్ళల్లో కామినీ దయ్యం మాట వినని ముసలివాళ్ళు లేరు. వయసు పిల్లగాడు చిక్కిపోతుంటే, ఒక్కడే చేను గట్టున కూర్చుని నవ్వుకుంటుంటే "కామిని పట్టింది" అనేవాళ్ళు. కేరళలో యక్షి ఉంది. రాత్రిపూట దారిన పోయే మగవాడిని ఆకువక్కలోకి సున్నం అడుగుతుంది. ఇచ్చాడా, తెల్లారేసరికి తాటిచెట్టు కింద గోళ్ళు, వెంట్రుకలు మాత్రమే మిగులుతాయి. ఐర్లండ్‌లో షెరిడన్ లె ఫాను అనే రచయిత 1872లోనే 'కార్మిల్లా' రాశాడు. అందులో నెత్తురు తాగే పిశాచి ఒక అమ్మాయి, ఆమె ప్రేమించేదీ అమ్మాయినే. 'డ్రాకులా' వచ్చింది ఇంకో పాతికేళ్ళ తర్వాత, 1897లో. కథ చెప్పుకునే జాతి ఏదైనా ఈ రెండిటినీ కలిపే చెప్పుకుంది.

మన తెలుగులో దీన్ని ఇంటిల్లిపాదీ చూసేలా చేసినవాడు విఠలాచార్య. 1978లో వచ్చిన 'జగన్మోహిని' మీ అమ్మమ్మలను అడగండి. కథ మరిచిపోయినా ఒక సీను చెప్తారు. మోహినిగా వేసిన జయమాలిని పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ సీనుకు ఏం ఖర్చయింది? ఒక పొయ్యి, ఒక మంట, ఒక ట్రిక్ షాట్. అందులో మూడు సంగతులున్నాయి. ఆమె అందగత్తె, చూపు తిప్పుకోలేం. ఆమె ఇంటి కోడలు చేసే పనే చేస్తోంది. ఆ పని చేస్తూ తనను తానే కాల్చుకుంటోంది. నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. ఆ సీను చూసిన ఆడవాళ్ళకు ఇంకా ఏదో తగిలి ఉంటుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే పొయ్యి ముందు కాలిపోయే బతుకు వాళ్ళకు కొత్త కాదు. చౌక సినిమా గొప్పగా పనిచేసిన చోటు అది. ఒక్క బొమ్మలో భయం, మోహం, ఇల్లు మూడూ పట్టాయి.

ఇప్పుడు పైసలు లేకపోవడం ఎలా మేలు చేస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. మీలో సినిమా తీసేవాళ్ళు ఇది బాగా వినాలి.

1942లో హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ స్టూడియో వాల్ ల్యూటన్ అనే నిర్మాతకు దయ్యం సినిమాల విభాగం అప్పజెప్పింది. షరతులు మూడు. సినిమా ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు. నిడివి 75 నిమిషాలు దాటకూడదు. పేరు స్టూడియో పెడుతుంది, ఆ పేరుకు తగ్గట్టు కథ వీళ్ళు అల్లుకోవాలి. మొదట ఇచ్చిన పేరు 'క్యాట్ పీపుల్'. ఈ పేరుతో ఎవరైనా ఏం తీస్తారు? పిల్లి వేషం వేసిన మనిషిని తీస్తారు. ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ అలా చేయలేదు. కథ ఇది: సెర్బియా నుంచి అమెరికా వచ్చిన ఐరీనా అనే అమ్మాయికి పెళ్ళవుతుంది. మొగుడు ముద్దు పెట్టుకుంటే, కోరిక లేస్తే, తాను చిరుతగా మారి అతన్ని చంపేస్తానని ఆమె నమ్మకం. అందుకే దగ్గరికి రానివ్వదు. పెళ్ళైన ఆడది తన ఒంటిని చూసి తానే భయపడే కథ ఇది. 1942 అమెరికా సెన్సారు నియమాల కింద తెర మీద ఏమీ చూపించడానికి వీల్లేదు. వీళ్ళు ఏమీ చూపించలేదు కూడా. అయినా సినిమా మొత్తం కోరికే నిండి ఉంటుంది.

అందులో ఒక నడక ఉంది. రాత్రి పార్కు పక్కన రోడ్డు మీద, ఐరీనా మొగుడితో కలిసి పనిచేసే ఎలిస్ అనే అమ్మాయి ఒక్కతే నడుస్తుంటుంది. వెనక ఐరీనా. సంగీతం లేదు. రెండు జతల మడమల చప్పుడు మాత్రమే. వీధి దీపం వెలుగులోకి వస్తారు, చీకట్లోకి పోతారు, మళ్ళీ వెలుగులోకి. ఒకచోట వెనకున్న మడమల చప్పుడు ఆగిపోతుంది. ఎలిస్ ఆగి వెనక్కి చూస్తుంది, ఎవరూ లేరు. పరుగు లాంటి నడక. ఒక్కసారిగా చెవి పగిలేలా బుస్సుమని శబ్దం! వచ్చి ఆగింది బస్సు. అంతే. చిరుత లేదు, నెత్తురు లేదు, గ్రాఫిక్స్ లేవు. ఒక గోడ, నాలుగు దీపాలు, చెప్పుల చప్పుడు, ఒక బస్సు. ఈ పద్ధతికి సినిమావాళ్ళ భాషలో 'ల్యూటన్ బస్' అనే పేరే నిలిచిపోయింది. ఆ సినిమాలో కనబడే పెద్ద మెట్లు కూడా అంతకు ముందు అదే స్టూడియోలో ఆర్సన్ వెల్స్ సినిమాకు వేసిన సెట్టే. పాత సెట్టుకు కొత్త చీకటి పూశారు.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీరంతా చూసినవాళ్ళే. గర్భగుడి గోడ మీద రోజంతా నిలిచే ఒక నీడ. చుట్టూ అంత శిల్పం ఉండగా ఎక్కడెక్కడి జనమో నీడ చూడ్డానికి వస్తున్నారు. ఆ నీడ ఏ స్తంభానిదో కనబడదు కాబట్టి. నీడ తాలూకు వస్తువు కనబడకపోతే మనసు ఊరుకోదు. ఈ సంగతి మన కుర్రవాళ్ళు తమ గుడి నుంచే నేర్చుకోవచ్చు, హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు.

రామ్సేల దగ్గర నేర్చుకోవాల్సింది వేరు. దేశ విభజన తర్వాత కరాచీ నుంచి బొంబాయి వచ్చిన కుటుంబం అది. తండ్రి ఎఫ్.యు. రామ్సే, ఏడుగురు కొడుకులు. 1970లో పృథ్వీరాజ్ కపూర్‌తో ఒక సినిమా తీస్తే ఆడలేదు. కానీ అందులో ముసుగు వేసుకుని దొంగతనానికి వచ్చే ఒక్క సీనుకు జనం ఊగిపోవడం కొడుకులు హాల్లో కూర్చుని గమనించారు. ఆ ఒక్క సీను పట్టుకుని 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' తీశారు. మహాబలేశ్వర్‌లో గెస్ట్‌హౌసులో కుటుంబమంతా దిగి పని పంచుకున్నారు. ఒకరు రాస్తే ఇద్దరు దర్శకత్వం, ఒకరు కెమెరా, ఒకరు సౌండు, ఒకరు ఎడిటింగ్. 1984లో 'పురానా మందిర్' పెద్ద హిట్టు. 1988లో 'వీరానా'. పెద్ద నగరాల విమర్శకులు పట్టించుకోకపోయినా బి, సి సెంటర్లు, అంటే చిన్న పట్టణాల, పల్లెల హాళ్ళు, వీళ్ళను మోశాయి. జనం ఎక్కడ ఊపిరి బిగబట్టారో హాల్లో కూర్చుని చూడటం, చిన్న బృందంతో ఒకే చోట ఉండి పని ముగించడం, ఈ రెండూ మీరు రేపే చేయగలరు.

వాళ్ళ లోటు కూడా చెప్పాలి. 'వీరానా'లో ఉరి తీయబడిన మంత్రగత్తె ఒక అమ్మాయిని పూనుతుంది. పూనినప్పుడు ఆమె మగవాళ్ళను వల వేసి చంపుతుంది. ఆ పాత్ర వేసిన జాస్మిన్ కళ్ళల్లో ఏదో ఉంది, తెర మీద ఆమె ఉన్నంతసేపు వేరే ఏదీ చూడబుద్ధి కాదు. కానీ సినిమాకు ఆమె ఏమనుకుంటుందో అక్కర్లేదు. పూనకం లేనప్పుడు ఆ పిల్ల ఎవరు, ఏం కోరుకుంటుంది, తన ఒళ్ళు తన చేతుల్లో లేకుండా పోతే ఎంత భయం వేస్తుంది? ఒక్క సీను కూడా దాని మీద గట్టిగా నిలవదు. మధ్యలో సంబంధం లేని కామెడీ ట్రాకు, సంబంధం లేని స్నానం. భయం ఇప్పుడే కూడుతోంది అనుకునేలోపు కారిపోతుంది.

ఇదే మన దగ్గర ఇంకా ఘోరంగా జరిగింది, బిట్ల రూపంలో. పెద్దవాళ్ళకు తెలుసు, చిన్నవాళ్ళ కోసం చెప్తున్నా. మలయాళం నుంచి, హిందీ నుంచి డబ్బింగ్ అయి వచ్చే చిన్న బొమ్మలు మార్నింగ్ షోకో నూన్ షోకో ఆడేవి. సెన్సారు ఒక ప్రింటును పాస్ చేస్తుంది. ఊరికొచ్చాక క్యాబిన్లో ఆపరేటరు ఇంకో రీలు ముక్క కలుపుతాడు. దయ్యం బావి లోంచి లేస్తుంటే ఒక్కసారిగా తెర రంగు మారుతుంది, గీతలు పడతాయి, సౌండు పోతుంది. అప్పటిదాకా కథలో లేని మనిషెవరో, ఏ దేశం సినిమాదో, కనబడుతుంది. మూడు నిమిషాలు. మళ్ళీ బావి, మళ్ళీ దయ్యం. హాల్లో సగంమంది ఆ మూడు నిమిషాల కోసమే వచ్చి, అది అయిపోగానే లేచిపోయేవాళ్ళు.

దీనివల్ల జరిగిన నష్టం చాలామంది నీతి కోణంలోనే చూస్తారు. నేను పనివాడి కోణంలో చూస్తాను. భయం కట్టడానికి సమయం కావాలి. ముందు మామూలు ఇల్లు చూపించాలి, తర్వాత ఆ ఇంట్లో ఒక చిన్న తేడా, తర్వాత ఇంకో తేడా. మధ్యలో బిట్టు పడితే కట్టిందంతా కూలుతుంది. బిట్టు పడుతుందని ముందే తెలిసిన దర్శకుడు అసలు కట్టడమే మానేశాడు. కథ దేనికి, నటన దేనికి, లైటింగ్ దేనికి అనుకున్నాడు. ఒక తరం చిన్న సినిమావాళ్ళు పని నేర్చుకోకుండా పోయారు. అలా కలిపిన బిట్లలో ఉన్న ఆడమనిషికి తన బొమ్మ ఏ ఊళ్ళో, ఏ సినిమా మధ్యలో ఆడుతోందో కూడా తెలియదు. ఇంత అన్యాయం ఇంకోటి ఉండదు.

యూరప్‌లో సెన్సారు సడలినప్పుడు వేరే విధంగా ఇదే జరిగింది. ఇంగ్లండ్‌లో హేమర్ సంస్థ 1958లో క్రిస్టఫర్ లీతో 'డ్రాకులా' తీసినప్పుడు కోరిక అంతా చూపుల్లో, తెరిచిన కిటికీలో ఉంది. ఆ కిటికీ ఎవరు తెరిచిపెట్టారన్నదే అసలు శృంగారం. 1970లో అక్కడ పెద్దల సర్టిఫికెట్ వయసు 16 నుంచి 18కి పెరిగింది, చూపించగలిగేది ఎక్కువైంది. అదే ఏడాది ఇందాక చెప్పిన కార్మిల్లా కథను 'ది వాంపైర్ లవర్స్' పేరుతో ఇంగ్రిడ్ పిట్‌తో తీశారు. అది మంచి సినిమానే, ఆమె ముఖంలో ఒంటరితనం కనబడుతుంది. కానీ తర్వాత తర్వాత చూపించడమే పనైపోయింది, భయం తగ్గింది. ఆ దశకం సగం దాటేసరికి హేమర్ కుదేలైంది.

ఫ్రాన్సులో జాన్ రోలాన్ మాత్రం వేరే మనిషి. అతని దగ్గర పైసలు అసలు లేవు. మళ్ళీ మళ్ళీ అదే సముద్రపు ఒడ్డున తీసేవాడు. 1979 నాటి 'ఫాసినేషన్' మొదట్లో, 1905 నాటి ధనవంతుల ఇంటి ఆడవాళ్ళు రక్తహీనతకు మందని కబేళాకు వచ్చి గాజు గ్లాసుల్లో ఎద్దు నెత్తురు తాగుతారు. తెల్లటి బట్టలు, నేల మీద నెత్తురు, మర్యాదగా పట్టుకున్న గ్లాసు. అతని నటుల నటన బలహీనం, కథ చాలాచోట్ల తెగిపోతుంది, సాగుతుంది కూడా. ఓపిక లేనివాళ్ళు చూడలేరు. అయినా అతనికి తాను చూసిన ఒక కల ఉంది, దాన్ని అమ్మడానికి కాకుండా చెప్పడానికి తీశాడు. చౌక సినిమాకు చౌకబారు సినిమాకు తేడా నాకు అక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు నా అసలు మాటకొస్తాను.

ఈ సినిమాల్లో దోషం ఒళ్ళు చూపించడమే అనుకుంటే మనం అసలు దోషాన్ని వదిలేసినట్టే. మన జానపద కథల్లో మోహిని, కామిని ఎవరు? మోసపోయిన ఆడది. మాట ఇచ్చి తప్పినవాడి చేతిలో, కొట్టి చంపినవాడి చేతిలో, బావిలో తోసినవాడి చేతిలో పోయిన ఆడది. బతికుండగా ఎవరూ వినలేదు కాబట్టి చచ్చాక వచ్చి చెప్తుంది. జనం ఆమె కోసం వస్తారు. ఆమె మొదటి దుర్మార్గుణ్ణి చంపినప్పుడు హాల్లో ఈలలు వేసేది అందుకే. ఈ సినిమాల అసలు బలం అదీ. కానీ చౌకబారు సినిమా ఆమె ఒళ్ళు తీసుకుంటుంది, ఫిర్యాదు పారేస్తుంది. ఆమె ఎలా చచ్చిందో రెండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్, అందులోనూ కెమెరా కన్ను ఆమె చీర మీదే. చివరికి మంత్రగాడో స్వామీజీయో వచ్చి త్రిశూలంతో పొడిచి కాల్చేస్తాడు. అన్యాయం చేసినవాడి కంటే అన్యాయం జరిగినదాన్ని కాల్చడానికే సినిమా ఎక్కువ సమయం తీసుకుంటుంది. మన ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు.

2012లో రవిబాబు తీసిన 'అవును' చూడండి. ఒక కొత్త ఇల్లు, కొత్తగా పెళ్ళైన జంట, పూర్ణ చక్కగా చేసింది. చిన్న ఖర్చుతో శుభ్రంగా తీసిన సినిమా, పనితనం ఉంది. ఒక కనబడని మగవాడు ఆ అమ్మాయిని ఆమె ఇంట్లోనే, ఆమె గదిలోనే చూస్తుంటాడు. ఇది ప్రతి ఆడపిల్లకు తెలిసిన భయం. హాస్టల్ బాత్రూము కిటికీ దగ్గర, బట్టల షాపు ట్రయల్ రూములో ఆ భయం మన పిల్లలకు రోజూ ఉంది. కానీ సినిమాలో చాలాసేపు మనం ఎవరి కంటితో చూస్తున్నాం? ఆ దయ్యం కంటితోనే. ఆమె భయం మనకు భయంగా తగలాల్సిన చోట చూడ్డానికి దొరికిన అవకాశంగా తగిలితే లోపం ఉన్నట్టే. కెమెరా రెండడుగులు జరిపి ఆమె పక్కన పెడితే, తలుపు వైపు ఆమె చూసే చూపు మనం చూస్తే, సినిమా ఇంకో మెట్టు ఎక్కేది.

2011లో వచ్చిన హిందీ 'రాగిణి ఎంఎంఎస్' ఈ సంగతిని కొంత పట్టుకుంది. ఒక జంట వారాంతానికి ఊరి బయట ఇంటికి పోతారు. ప్రియుడు ఆమెకు తెలియకుండా ఇంట్లో కెమెరాలు పెట్టించాడు. ఆ ఇంట్లో ఉన్న దయ్యం ఒకప్పుడు మంత్రగత్తె అని ముద్ర వేసి చంపిన మరాఠీ ఆవిడ. తాను మంత్రగత్తెను కానని ఆమె మొత్తుకుంటూనే ఉంటుంది. అంటే ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మోసపోయారు, ఒకరు ఊరి చేతిలో, ఒకరు ప్రియుడి చేతిలో. ఎంత మంచి దినుసు! సినిమా దాన్ని పూర్తిగా వాడుకోలేదు, చివర్లో అరుపుల్లో పడిపోయింది. 2014లో రెండో భాగం వచ్చేసరికి ఆ దినుసు పక్కకు పోయి సన్నీ లియోనీ పోస్టరు ముందుకొచ్చింది. తర్వాత తమిళంలో, మన తెలుగులో అడల్ట్ హారర్ కామెడీలు వచ్చాయి, 2019లో 'చీకటి గదిలో చితక్కొట్టుడు' లాంటివి. అక్కడ ఆడదయ్యం కోరికే జోకు. ఆడదానికి కోరిక ఉండటమే నవ్వుకునే విషయమైతే ఇక భయమెక్కడిది, శృంగారమెక్కడిది? అప్పటి బిట్ల పనంతా ఇప్పుడు ఫోన్లో యాప్‌లు చేస్తున్నాయి. 2025 జులైలో కేంద్రం అలాంటి పాతిక యాప్‌లను ఆపేసింది. ఆపినా చూడాలన్న కోరిక ఎక్కడికీ పోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. మంచి సినిమా వస్తేనే చెడ్డ సినిమా చోటు తగ్గుతుంది.

మంత్రగత్తె ముద్ర మాట మహారాష్ట్రదే అనుకోకండి. బాణామతి, అంటే చేతబడి, పేరుతో మన తెలంగాణలో మనుషుల పళ్ళు రాలగొట్టారు, సజీవంగా తగలబెట్టారు. అనుమానం ఎవరి మీద పడుతుంది? ఒంటరి ముసలమ్మ మీద, పేదింటి మనిషి మీద, మొగుడు పోయినా తలెత్తి నడిచే ఆడదాని మీద. జుట్టు విరబోసుకున్న ప్రతి ఆడదాన్నీ తెర మీద దయ్యం చేసి, చివర్లో కాల్చి, అది శుభం అని చూపిస్తే ఆ అనుమానానికి మనం నూనె పోసినవాళ్ళం అవుతాం. సినిమా చూసి ఎవరో ఎవరినో చంపారని నేను అనడం లేదు. కాల్చడం మామూలు సంగతి అన్న భావాన్ని మనం చేతులారా పెంచొద్దు అంటున్నాను.

మరి మీరు ఏం తీయాలి? స్క్రిప్టుల్లో పాడుబడ్డ హవేలీ అని రాసుకున్నారు. మనకు హవేలీ ఎందుకు, దొరల కోటల్లాంటి ఇళ్ళు, గడీలు ఉన్నాయి కదా. ఈ జిల్లా గడీల చరిత్ర మీకు తెలుసు. విసునూరు, కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనివే. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయాక సాయుధ పోరాటం ఎలా మండిందో పాఠాల్లో చదివారు. గడీల లోపల ఏం జరిగిందో పాఠాల్లో తక్కువ ఉంటుంది. దొరసాని పెళ్ళై వస్తే ఆమెతో పాటు అరణంగా ఆడపిల్లలను పంపేవాళ్ళు, ఆడబాపలని. గడీలో చాకిరీ చేయాలి, దొర పిలిస్తే పోవాలి. వాళ్ళకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు, బిడ్డ పుడితే ఆ బిడ్డకు తండ్రి పేరు లేదు. పాలమూరు వైపు జోగినీ పేరుతో పిల్లలను దేవుడికి ఇచ్చి ఊరికి వదిలేశారు. 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. పాడుబడ్డ గడీలో దయ్యం ఉందంటే, అది ఎవరై ఉంటుంది? ఆలోచించండి. ఆమె రాత్రి నడిస్తే ఏ గది వైపు నడుస్తుంది? ఎవరి మనవడిని చూసి ఆగుతుంది? ఆమెకు కూడా ఒకప్పుడు ఒక కోరిక ఉండి ఉంటుంది కదా, పశువులు కాసే పిల్లగాడి మీదో, పాట పాడే వాడి మీదో. ఆ కోరిక చూపిస్తే అదీ శృంగారం. దొర కోరిక చూపిస్తే అది హింస. ఈ రెండిటినీ కెమెరా ఒకేలా తీయకూడదు. దొర గదిలో కెమెరా ఆమె ఒంటి దగ్గరికి పోవద్దు. చింతచెట్టు కింద ఆమె నవ్వినప్పుడు దగ్గరికి పోండి.

గడీ దొరకలేదా, బోరు దగ్గర తీయండి. ఇరవై నాలుగు గంటల కరెంటు రాకముందు మన రైతు రాత్రి ఒంటిగంటకు కరెంటు వస్తే టార్చి పట్టుకుని చేనుకు పోయేవాడు. స్టార్టరు డబ్బా దగ్గర తడి నేల. పాము భయం, షాకు భయం. మోటారు ఆన్ చేయగానే గొట్టంలో ముందు ఉత్త గాలి శబ్దం వస్తుంది, గురగురమని, ఎవరో గొంతు సవరించుకున్నట్టు. తర్వాత నీళ్ళు. ఆ గాలి శబ్దానికీ నీళ్ళకూ మధ్య ఉన్న క్షణాల్లో గట్టు మీద ఒక ఆడమనిషి నిలబడి ఉంటే చాలు. గజ్జెల చప్పుడు వద్దు, అది అరిగిపోయింది. తెల్లచీర కూడా వద్దు, మన దగ్గర చేనుకు వచ్చే ఆడవాళ్ళు ఏ చీర కడతారో అదే కట్టించండి, మగవాళ్ళ చొక్కా పైన వేసుకుని. మామూలు మనిషే అనుకున్నాక భయం వేయాలి.

ఖర్చంతా సౌండు మీద పెట్టండి. ఫోన్ కెమెరా ఫర్వాలేదు, ఫోన్ మైకు ఫర్వాలేదనుకోకండి. ఒక మంచి రికార్డరు అద్దెకు తెచ్చుకుని ఒక రాత్రంతా చేనులో కూర్చుని శబ్దాలు పట్టుకోండి. చౌక దయ్యం సినిమాల్లో నూటికి తొంభై సౌండు దగ్గరే చస్తాయి. ఎక్కడో కొన్న ఇంగ్లీషు అరుపు, ఢామ్మని ఒక దెబ్బ, ప్రతి రెండు నిమిషాలకు. నాలుగో దెబ్బకు ఎవరూ ఉలిక్కిపడరు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. సన్నిహితమైన సీను ఉంటే నటికి, నటుడికి ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. ఏం చేస్తారు, ఎంతవరకు చేస్తారు, కెమెరా ఎక్కడుంటుంది. రిహార్సల్ బట్టలతో చేయండి. తీసేటప్పుడు అవసరమైన నలుగురు తప్ప ఎవరూ ఉండొద్దు, మీ దోస్తులైనా సరే. తీసింది ఆమెకు చూపించండి, ఆమె వద్దన్న ముక్క కోసేయండి, ఫైలు కూడా చెరిపేయండి. పెద్ద సినిమాల్లో దీనికి ఇప్పుడు ప్రత్యేకంగా మనుషులను పెడుతున్నారు. మీకు ఆ స్తోమత లేకపోతే ఆ బాధ్యత దర్శకుడిదే. మన ఊరి అమ్మాయి నటించడానికి ముందుకు రావడమే కష్టం. ఒక్కరికి చెడు జరిగితే ఇంకో పదేళ్ళు ఎవరూ రారు.

సర్టిఫికెట్ గురించి, హైదరాబాదు సెన్సారు ఆఫీసు గురించి అడగాలనుకున్నవాళ్ళు చివర్లో అడగండి, తెలిసింది చెప్తాను. ఇప్పుడు ఇక్కడే 'క్యాట్ పీపుల్' వేస్తున్నాం, 73 నిమిషాలు. ఈత కొలను సీను వచ్చినప్పుడు తెర వైపే కాదు, కాసేపు కళ్ళు మూసుకుని కూడా వినండి. గోడ మీద నీళ్ళ వెలుగు, ఎక్కడి నుంచో ఒక గుర్రుమనే చప్పుడు, అంతే ఉంటుంది. ఆ చప్పుడు ఎప్పుడు మొదలవుతుంది, ఎలిస్ ఎప్పుడు అరుస్తుంది, ఆ రెండిటి మధ్య ఎంతసేపు ఏమీ జరగదు, ఇవి రాసుకోండి. సినిమా అయ్యాక మీ స్క్రిప్టులు తీసి, దయ్యం మొదటిసారి కనబడే సీను ఒక్కటి పట్టుకుని అందరం కలిసి మళ్ళీ రాద్దాం.